జినియా మడికి పోసిన నీళ్ళు

జినియా మొక్కకు నీళ్ళు ఎలా పోయాలో నేర్చుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తం పట్టింది. నేర్పింది మా పక్కింటి అక్క. గోదావరి కాలువ గట్టున పుట్టి పెరిగినదాన్ని, నాకు నీళ్ళు పోయడం ఈవిడ నేర్పేదేమిటని మొదట్లో ఒళ్ళు మండింది. నాకు ముందు కోపం వస్తుంది, బుద్ధి ఆ తరువాత తీరిగ్గా వస్తుంది. ఈ సంగతి మా ఆయనకు పెళ్ళయిన వారానికే తెలిసిపోయింది.

ఆయన ఉద్యోగం ఇక్కడి ఫ్యాక్టరీలో కావడంతో జహీరాబాద్ వచ్చాం. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. పిల్లలు లేరు. రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. వెనక కాస్త ఎర్ర నేల మిగిలింది. అందులో నేను వేయనిది లేదు. కనకాంబరం, మల్లె, అరటి, ఆఖరికి కొబ్బరి కూడా వేశాను. మా ఊరి అలవాటు కొద్దీ పూటకు రెండు బకెట్లు కుమ్మరించేదాన్ని. వేసవి వచ్చేసరికి బోరులో నీళ్ళు అడుగంటేవి, మొక్కలు మాడిపోయేవి. ఈ నేలకు విశ్వాసం లేదని తిట్టుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపాను.

ఆ తరువాత ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదన్నారు. అది పరవాలేదు, మంచం మీద పడుకుంటే మిషన్ చూసుకుంటుంది. అసలు కష్టం నీళ్ళతో వచ్చింది. రోజు మొత్తానికి ముప్పావు లీటరుకు మించి తాగకూడదన్నారు డాక్టరు. కాఫీ, మజ్జిగ, చారు, మాత్రలు మింగే నీళ్ళు, అన్నీ అందులోనే. దాటితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, ప్రాణం మీదికొస్తుంది అన్నారు. అన్నానికి కూర్చునే ముందు చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగే మనిషి మా ఆయన.

ఒక సీసా తీసుకుని దాని మీద పెన్నుతో గీతలు పెట్టాను. పొద్దుటి వాటా, మధ్యాహ్నం వాటా, సాయంత్రం వాటా. ఆయన ఆ గీతల్ని చూసి నవ్వారు.

"మన ఊళ్ళో ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, జూన్లో వదిలేస్తారు. నాకు కట్టేశావు బాగానే ఉంది, వదిలేదెప్పుడే?" అన్నారు.

నేనూ నవ్వి వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఎవరికి చెప్పుకున్నా "మీరు ధైర్యంగా ఉండాలి" అనేవారు. నేను ధైర్యంగానే ఉన్నాను. కాపలాదారుకు ఉండే ధైర్యం అది. ఐసు ముక్కలు లెక్కపెట్టి ఇచ్చేదాన్ని. నోరు ఎండిపోతోందంటే నిమ్మచెక్క వాసన చూడమనేదాన్ని. పుక్కిలించి ఉమ్మేటప్పుడు పక్కనే నిలబడి గొంతు కదిలిందా లేదా అని చూసేదాన్ని. ఆయన ఉమ్మేసి, "చూసుకో, ఒక్క బొట్టు దాచుకోలేదు" అని నోరు తెరిచి చూపించేవారు. ఆటగానే చూపించేవారు. నేను మాత్రం నిజంగానే చూసేదాన్ని.

అలా ఏడాదిన్నర గడిచింది. ఆయన ఉద్యోగం మానేశారు. రోజంతా వసారాలో కూర్చుని గోడవతల ఉన్న జినియాలను చూసేవారు. ఆ గోడవతలిదే అక్క ఇల్లు. అక్క పుట్టింది, మెట్టింది ఝరాసంగం దగ్గరి పల్లెల్లో. వాన పడితే పండే జొన్న, కంది తప్ప మరో సాగు ఎరగదు. పెద్దతనాన కొడుకు దగ్గర ఉందామని టౌనుకు వచ్చింది. ఏప్రిల్ ఎండలో ఊళ్ళో చెట్లన్నీ తల వేలాడేస్తే, ఆవిడ పెరట్లో మాత్రం ఎరుపు, గులాబీ, నారింజ రంగుల్లో అరచేతి వెడల్పు పూలు నిటారుగా నిలబడి ఉండేవి. నాకు కళ్ళు కుట్టేవి. అడగడానికి నామోషీ. మా ఆయనే అడిగేశారు.

మాఘమాసం చివర్లో ఒకనాడు అక్క పాత గుడ్డలో మూటకట్టి ఎండిన పూలు తెచ్చింది. ఒక్కో రేకు మొదట్లో ఒక్కో గింజ, నలిపితే బాణం ములుకులా చేతిలోకి వస్తుంది.

"గివిటికి నారు గీరు వద్దు చెల్లె. నేలలనే వెయ్యి. పీకి ఇంకో జాగల పెడితె అల్గుతయ్" అంది.

మళ్ళు నేను కట్టాను. గింజలు ఆయన వేశారు. ఐదో రోజుకు మొలకలొచ్చాయి, ఇరవై. మొలకలు చూసి ఆయన, "నీళ్ళు పోసే పని నాది, నువ్వు చెయ్యి పెట్టకు. తాగనివ్వకపోతే పోయావు, తాగించనివ్వు" అన్నారు. నేను సరేనన్నాను. వేరే ఏమనగలను?

ఆయన పోయడం మొదలుపెట్టారు. పొద్దున పైపు పెట్టి మడి నిండేదాకా, సాయంత్రం చిలకరిస్తూ ఆకులన్నీ తడిసేదాకా. పైపు చివర వేలు అడ్డం పెట్టి, నీళ్ళు విసనకర్రలా విచ్చుకుంటుంటే చూస్తూ కూర్చునేవారు. మట్టి గుటగుటలాడుతూ తాగుతుంటే ఆయన మొహంలో ఒక నెమ్మది కనిపించేది. అది చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు. నెల తిరిగేసరికి ఆకుల మీద తెల్లగా బూడిద పట్టింది. సగం మొక్కలు మొదలు కుళ్ళి వాలిపోయాయి.

అక్క గోడ మీదుగా చూసి నెత్తి కొట్టుకుంది.

"గిన్ని నీళ్ళా సారూ! ఇదేమన్న వరి మడా? ఆకు మీద నీళ్ళు వడితె బూడిద రాకేమైతది?"

"ఏం చెయ్యమంటావక్కా? మాది గోదారి. దాహమంటే ఏంటో మొన్నమొన్నటి దాకా తెలీదు" అన్నారాయన.

అక్కకు ఆయన జబ్బు సంగతి తెలుసు. గొంతు తగ్గించింది. "పగటాల ఆకు వాలితె ఫికర్ చెయ్యకుర్రి. ఎండకు మనం వాలమా? పొద్దుగాల లేశి సూడుర్రి. పొద్దుగాల గూడ వాలి ఉంటెనే పొయ్యాలె. దినాం పోస్తె ఏర్లు మీది మీదనే ఉంటయ్, కిందికి దిగయ్."

ఆ మాట ఆవిడ మొక్కల గురించే అంది. కానీ నాకు ఆ మాట మీద కూడా కోపమొచ్చింది. దాహాన్ని చూస్తూ ఊరుకోమని చెప్పేవాళ్ళెవరిని చూసినా ఆ రోజుల్లో నాకు కోపమే, డాక్టరుతో సహా. ఆ పని చేస్తున్నదాన్ని మాత్రం నేనే.

చివరికి ఒక రాజీ చేశాం. ఆయనకు రోజూ పని కావాలి కాబట్టి రోజూ పోయవచ్చు. కానీ పైపు వద్దు. చిన్న బకెట్టులో పది చెంబుల నీళ్ళు నేను నింపి తెచ్చి పెడతాను. మిగిలిన మొక్కలు పది. మొక్కకొక చెంబు, మొదట్లో. అక్క "దినాం అక్కర్లేదు గానీ, సారు మనసు కోసం కానియ్యి" అంది. ఆ లెక్కన మా ఇంట్లో ఆయనకూ వాటాయే, మొక్కలకూ వాటాయే.

ఉగాది దాటింది. జినియాలు కోలుకుని మొగ్గలు తొడిగాయి. ఆయన పొద్దున్నే పీట వేసుకుని ఒక్కో మొక్క దగ్గరికీ జరుగుతూ పోసేవారు. చివరి రెండు మొక్కలు బట్టలుతికే బండ వెనక ఉండేవి, వంటింటి కిటికీలోంచి కనిపించవు. అక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చునేవారు. తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా ఉండేవారు. మనిషికి పని ఎంత మంచి మందో కదా అని సంతోషించాను.

అప్పుడే దవాఖానలో కాటా దగ్గర గొడవ మొదలైంది. డయాలసిస్ ముందు బరువు చూస్తారు. రెండుసార్ల మధ్య పెరిగిన బరువంతా తాగిన నీళ్ళే. రెండు కిలోలు దాటకూడదు. ఆ రోజు నాలుగు దాటింది.

"ఏందమ్మా, నాలుగు కిలోలు పెరిగిండు సారు. ఇంట్ల ఏం తాపుతున్నరు?" అంది అక్కడి సిస్టర్.

"గీతలు పెట్టి పోస్తున్నాను. చుక్క ఎక్కువ కాదు."

"మరి యాడికెల్లి వచ్చినయ్ నీళ్ళు?"

"మీ కాటా పాడైంది" అన్నాను. నన్ను ఎక్కించి చూడమన్నాను. నా బరువు సరిగ్గానే చూపించింది, అయినా ఒప్పుకోలేదు. నా చేతుల మీద ఒట్టేసి చెప్పాను. వార్డులో అందరూ చూస్తున్నారు. ఆయన చెప్పులు చూసుకుంటూ కూర్చున్నారు, ఒక్క మాట సాయం రాలేదు. ఆ తరువాతి సారీ అంతే, నాలుగు. ఆ రోజు మిషన్ మీద ఆయన కాళ్ళు కొంకర్లు పోయి అరిచారు. అన్ని నీళ్ళు ఒకేసారి లాగేస్తే అలాగే అవుతుందట.

మర్నాడు పొద్దున అక్క గోడ మీద చేతులానించి పిలిచింది.

"చెల్లె, సారు గా చివరి రెండు చెట్లకు నీళ్ళు పోస్తలేడా? పొద్దుగాల గూడ వాలే ఉన్నయ్."

"పోస్తున్నారక్కా. పదికి పది చెంబులు పెడుతున్నాను."

"ఏమో చెల్లె. ఎనిమిది మంచిగున్నయ్. గా రెండే ఎండుతున్నయ్. మన్ను సూడరాదు ఒకపారి."

బండ వెనక్కి వెళ్ళి వేలు గుచ్చి చూశాను. మన్ను పొడిపొడిగా ఉంది. అప్పుడు అర్థమైంది. అర్థమైనా కళ్ళతో చూడాలనిపించింది.

మరునాడు బకెట్టు పెట్టి, స్నానానికి వెళ్తున్నానని చెప్పి, ఇంటి పక్క సందులోంచి వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఎనిమిది మొక్కలకూ పోశారు. ఒక్కోదాని మొదట్లో మన్ను సర్ది, శ్రద్ధగా పోశారు. తొమ్మిదో చెంబు ముంచి బండ వెనక్కి జరిగారు. ఇంటి వైపు ఒకసారి చూశారు. చెంబు రెండు చేతులతో పట్టుకుని తాగారు. ఎత్తిన చెంబు దించకుండా తాగారు, వెనకటిలాగే. కళ్ళు మూసుకుని ఉన్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఎరిగిన మొహం అది. రెండేళ్ళుగా నాకు కనిపించని మొహం.

నేను ఆ చెంబు పూర్తి కానిచ్చాను. అది జాలితో కాదు, ఆ మొహాన్నే చూస్తూ నిలబడిపోయాను. పదో చెంబు ముంచుతుంటే వెళ్ళి లాగేశాను.

"తాగలేదే, నోరు తడుపుకుంటున్నాను" అన్నారు. గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు నేనన్న మాటలు అన్నీ ఇక్కడ రాయలేను. ఒకటి రాస్తాను. "అంత మందిలో ఒట్టేయించి నన్ను అబద్ధాలకోరును చేశారు. దొంగతనంగా తాగి బతకడానికి సిగ్గు లేదూ?" అన్నాను. ఆ పూట నాకు ఆయన ప్రాణం కంటే దవాఖానలో నా మాట పోయిందన్న కోపమే ఎక్కువ. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను బకెట్టు, చెంబు లోపల పెట్టేశాను. పెరట్లో కొళాయి పిడి కూడా ఊడదీసి బీరువాలో దాచాను. ఆయన చూస్తూనే ఉన్నారు. ఆ రోజు నుంచి పెరట్లోకి రాలేదు. సీసాలో నీళ్ళు గీత దగ్గరికి వచ్చేసరికి తనే ఆపేసి, నా వైపు చూసి పక్కన పెట్టేవారు. ఆయన నాకు భయపడ్డారు. అన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ భయపడని మనిషి.

మొక్కలకు నీళ్ళు నేనే పోశాను, అక్క చెప్పిన పద్ధతిలో. పొద్దున లేచి చూసి, వాలి ఉంటేనే పోసేదాన్ని. నాలుగు రోజులకొకసారి సరిపోయింది. మే ఎండలో అవి విరగబూశాయి. బండ వెనక రెండూ ఆలస్యంగా పూసినా అవే పెద్ద పూలు పూశాయి. కాటా కూడా దారికొచ్చింది. "గిప్పుడు మంచిగున్నది, గిట్లనే ఉండాలె" అంది సిస్టర్. నాకు గర్వంగా అనిపించింది.

వసారాలో మంచం మీంచి ఆయన పూలు చూస్తూ, "నీళ్ళు తక్కువైతే ఎంత బాగున్నాయే ఇవి. నేనే దేనికీ పనికిరాలేదు" అన్నారొకసారి. నవ్వుతూనే అన్నారు. నేను కందిపప్పు ఏరుతూ వినిపించుకోనట్టు ఊరుకున్నాను. లేచి వెళ్ళి పక్కన కూర్చుంటే ఏం పోయేదో ఇప్పటికీ తెలియదు.

నేను చెంబు లాగేసిన నెల నిండక ముందే ఒక మంగళవారం. పొద్దుటి వాటా అయిపోయింది, మధ్యాహ్నంది అన్నంతోనే అయిపోయింది. వడగాలి కొడుతోంది. "సాయంత్రందాంట్లో రెండు గుక్కలు ఇప్పుడిస్తావా?" అని అడిగారు.

"ఇప్పుడు తాగేస్తే సాయంత్రం ఏం చేస్తారు? ఆగండి" అన్నాను.

"సర్లే" అన్నారు.

నేను గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి ఆయన లేరు. పడుకున్నవారు పడుకున్నట్టే ఉన్నారు. నా కేకలకు అక్క పరుగున వచ్చింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "నోట్ల నీళ్ళు పొయ్యి చెల్లె" అంది. సాయంత్రం వాటా సీసా తెచ్చి పోశాను. పెదవుల పక్కనుంచి కారి దిండు తడిసింది.

గుండె ఆగింది, ఈ జబ్బులో ఎప్పుడైనా జరగొచ్చు అన్నారు డాక్టరు. నీళ్ళు తాగి ఉంటే ముందే పోయేవారా అని అడిగాను. అలా ఆలోచించకండి అన్నారు. అది జవాబు కాదు. ఆ ఇరవై చిల్లర రోజులు ఆయన దాహంతో ఉన్నది దేనికోసమో చెప్పగలిగిన వాళ్ళు ఎవరూ లేరు.

సాగనంపేటప్పుడు అక్క కత్తెర తెచ్చి, "సారు చెట్లే గదా, సారు మీదనే ఏద్దం" అని పెరట్లో పూలన్నీ కోసింది. విత్తనానికి ఒక్కటి కూడా మిగలలేదు. మరుసటి ఏడు మళ్ళీ మూట తెచ్చిచ్చింది. వేశాను. ఇప్పుడవి మోకాలెత్తు ఉన్నాయి. పొద్దున్నే లేచి చూస్తాను. వాలి ఉన్నా, లేకపోయినా పోసేస్తాను. అక్క చూసి కూడా ఏమీ అనదు.

పదో రోజు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా మరిది వచ్చి కర్మ చేశాడు. ఊరి బయట చెరువు ఎండిపోయి ఉంది, నీళ్ళు ఆటోలో క్యాన్లతో తెచ్చారు. ఆ రోజు మా వైపు ధర్మోదకాలు వదులుతారు. పోయిన మనిషి దాహం తీరాలని అయినవాళ్ళంతా వరుసగా వచ్చి, నువ్వులు కలిపిన నీళ్ళు మూడేసి దోసిళ్ళు వదలాలి. మరిది, తోడికోడలు, ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన వాళ్ళు. "మేం గూడ పొయ్యొచ్చునా పంతులూ?" అని అక్క అడిగి, ముందుకొచ్చి పోసింది. చుక్క వృథా పోనివ్వని మనిషి, దోసిలి పొంగేలా పట్టి పోసింది. నేను చూస్తూ నిలబడ్డాను. ముప్పావు లీటరు ఎప్పుడో దాటిపోయింది. వద్దనుకున్నా ఆ లెక్క నా లోపల నడుస్తూనే ఉంది.

నా వంతు వచ్చింది. మూడు దోసిళ్ళు వదిలాను. "చాలమ్మా" అన్నారు పంతులుగారు.

ఆ మాట ఆయనతో రెండేళ్ళు నేనన్న మాట. పూటపూటకూ అన్న మాట. నా చేతులు ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. మరిది భుజం పట్టుకున్నాడు, విదిలించుకున్నాను. క్యాను ఎత్తబోతే బరువుకు లేవలేదు. అక్క వచ్చి రెండోవైపు పట్టుకుని, "జర ఆగు పంతులూ, పొయ్యనియ్యి" అంది. ఇద్దరం వంచాం. తాగండి, తాగండి, ఎవరూ ఏమీ అనరు, తాగండి అంటూ క్యాను అయిపోయేదాకా పోశాను. ఎండకు పగిలిన నేల నిమిషంలో పీల్చేసింది. ఆయన దాహం తీరింది, నువ్వు ఊరుకో అని అందరూ అన్నారు. తీరిందని నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు.